గ్రీసులో దుమ్ము



ట్రాక్టరు ఇంజన్లు విప్పి బిగించే ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్ళినా అక్కడ ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. మూత తీస్తే లోపల బూడిదరంగు ముద్ద ఉంటుంది. గ్రైండింగ్ పేస్టు అంటారు. వాల్వు అంచుకి దాన్ని కాస్త రాసి, సీటులో కూర్చోబెట్టి, రెండు అరచేతుల మధ్య కర్రను మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పుతారు. కాసేపటికి వాల్వు మీద, సీటు మీద సన్నటి మెరిసే వలయం ఏర్పడుతుంది. గట్టి ఉక్కు, ఇంత తేలిగ్గా అరిగింది! ఆ ముద్దలో ఉన్నవి రెండే రెండు. ఒకటి కార్బొరండం పొడి, రెండోది గ్రీసు.

ఇనుము అరగకుండా కాపాడాలని మనం వేసే గ్రీసే ఇక్కడ ఇనుమును అరగదీసే పనికి సాయం చేస్తోంది. పొడి ఒక్కటే వేసి తిప్పితే అది పక్కకు రాలిపోతుంది, లేదా ఒకచోట గడ్డకట్టి వంకరగా కోస్తుంది. గ్రీసు కలిస్తే ప్రతి రేణువూ తన చోట తాను నిలబడి, దొర్లుతూ, సమంగా పని చేస్తుంది. ఈ సంగతి మెకానిక్కులందరికీ తెలుసు. అదే ట్రాక్టరు ముందు చక్రం హబ్బులో, ఆయిల్ సీలు తెగి, గ్రీసులో చెలక మట్టి కలిసినప్పుడు జరిగేది కూడా ఇదే. అక్కడ మాత్రం ఎవరూ దాన్ని గ్రైండింగ్ పేస్టు అనరు. "గ్రీసు ఉంది కదా, ఏం కాదు" అంటారు. ఈ రోజు నా ప్రసంగమంతా ఆ "ఏం కాదు" గురించే.

మాట్లాడుతున్నది జహీరాబాద్ ప్రాంతాన్ని మనసులో పెట్టుకుని. ఈ ఊరికీ చక్రాలకూ పాత చుట్టరికం ఉంది. 1980లలో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యాయి. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. 2013 నుంచి ఇక్కడే మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు కూడా నడుస్తోంది. ఊరు దాటితే చెరకు, అల్లం, ఆలుగడ్డ, చిరుధాన్యాలు. పక్కన జాతీయ రహదారి. వికారాబాద్ నుంచి బీదర్ మీదుగా పర్లీ వెళ్ళే రైలు మార్గం. ట్రాక్టరు పుట్టే చోటూ, అది చెమటోడ్చే చోటూ ఒకటే అయిన ఊళ్ళు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు. యంత్రం అరుగుదల గురించి మాట్లాడటానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచలేదు.

ముందు ఒక ముడి విప్పాలి. ఘర్షణ వేరు, అరుగుదల వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతాయి. ఘర్షణ అంటే కదలికకు అడ్డుపడే బలం. అరుగుదల అంటే ఉపరితలం నుంచి లోహం ఊడిపోవడం. ఒకటి తగ్గితే రెండోది కూడా తగ్గి తీరాలన్న నియమం లేదు.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలు అన్నారు. ఆ సంగీతం ఎలా పుడుతుందో చూద్దాం. పొడిగా ఉన్న ఇరుసు మీద చక్రం ఒక్క క్షణం అతుక్కుంటుంది, మరుక్షణం జారుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. సెకనుకు వందల సార్లు ఇలా అతుక్కుని జారితే కీచుమనే శబ్దం వస్తుంది. పైకి నున్నగా కనిపించే ఇనుము కూడా దగ్గరగా చూస్తే గుట్టలూ మిట్టలే. రెండు ఇనుప ముక్కలు ఆనినప్పుడు నిజంగా తాకేవి ఆ గుట్టల కొసలు మాత్రమే. మోసే బరువంతా ఆ కొద్దిచోట్లనే పడుతుంది కాబట్టి అక్కడ లోహం లోహానికి అతుక్కుపోతుంది. ఆ అతుకులను తెంపడానికి పట్టే బలమే పొడి ఘర్షణలో పెద్ద వంతు. ఉక్కు మీద పొడి ఉక్కును జరపాలంటే, వంద కిలోల బరువుకు సుమారు అరవై కిలోల బలం కావాలి.

అందుకే మన రైతులు ఇరుసుకు ఆముదం పూసేవారు. ఆముదంలో మసి కలిపి కందెన చేసుకునేవారు. అందులో చాలా లోతైన రసాయనం ఉంది. ఆముదంలోని కొవ్వు ఆమ్లం అణువుకు ఒక కొస ఇనుమును, ఇనుము మీది ఆక్సైడు పొరను పట్టుకునే గుణం కలది. మిగతా పొడవాటి తోక బయటికి నిలబడుతుంది. అలా కోట్ల అణువులు పక్కపక్కనే నిలబడితే ఇనుము మీద ఒక పొర ఏర్పడుతుంది. ఒక్క అణువు మందమే అయినా, లోహం లోహానికి తగలకుండా అది చాలావరకు ఆపగలదు. ఇంగ్లండులో విలియం హార్డీ అనే శాస్త్రవేత్త 1920లలో ఈ పల్చటి పొరల మీద పరిశోధించి దీనికి శాస్త్రరూపం ఇచ్చాడు. మన ఎడ్లబండి ఇరుసు మాత్రం అంతకు ఎన్నో తరాల ముందునుంచీ ఆ పొర మీదనే తిరుగుతోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంజను మొత్తం గిరగిరా తిరిగే రకం విమానాలకు వాడిన నూనె కూడా ఆముదమే, ఎందుకంటే అది పెట్రోలులో తేలిగ్గా కరగదు. మన రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ ఇప్పటికీ ఆముదం మీద పని చేస్తోంది. మందుల దుకాణంలోనే ఆముదాన్ని చూసిన ఈ తరానికి దాని యంత్రచరిత్ర కూడా తెలియాలని నా కోరిక.

ఇలాంటి పల్చటి పొర ఉంటే, ఇందాక అరవై కిలోలు పట్టిన చోట పది కిలోలు చాలు. ఇంకా తగ్గించవచ్చు. 1883లో లండన్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. బేరింగు నెత్తిన నూనె పోయడానికి పెట్టిన రంధ్రంలోంచి నూనె లోపలికి పోవలసింది పోయి బయటికి చిమ్మింది. బిరడా పెట్టాడు. ఎగిరిపోయింది. ప్రెషరు గేజీ బిగించి చూశాడు. బేరింగు మీద సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌండ్లయితే, గేజీ ముల్లు 200 దాటిపోయింది. అంటే తిరిగే ఇరుసు నూనెను తనతో పాటు ఇరుకు సందులోకి లాక్కుపోతోంది, ఆ నూనె ఒత్తిడి మీద రైలు బరువు తేలుతోంది. మూడేళ్ళకు, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. ఈ స్థితిలో ఇనుము ఇనుమును తాకనే తాకదు. వంద కిలోలను జరపడానికి కిలో బలం కూడా అక్కర్లేదు. ట్రాక్టరు క్రాంకు షాఫ్టు తిరిగేది ఇలాగే.

అయితే ఆ నూనె పొర మందం ఎంతో తెలుసా? క్రాంకు షాఫ్టు బేరింగులో బాగా ఇరుకైన చోట కొద్ది మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. హబ్బులోని రోలరు బేరింగుల్లోనైతే ఆ పొర ఒక మైక్రానుకన్నా కూడా పల్చన. ఇప్పుడు ఎండాకాలంలో కల్టివేటరు వెనక లేచే ఎర్రదుమ్మును తలుచుకోండి. అందులో కంటికి కనిపించని పది, ఇరవై మైక్రాన్ల రేణువులు లక్షల్లో ఉంటాయి. నూనె పొరకన్నా మందమైన రేణువు సందులోకి వచ్చిందంటే, అటు ఇనుమునూ ఇటు ఇనుమునూ ఒకేసారి తాకుతుంది. నూనె ఎంత మంచిదైనా, ఎంత ఖరీదైనదైనా, రేణువు దారిలోంచి అది తప్పుకుంటుందే తప్ప రేణువును ఆపలేదు.

అప్పుడు జరిగేదాంట్లో ఒక వింత ఉంది. బేరింగు షెల్లు మెత్తటి లోహం, షాఫ్టు గట్టి ఉక్కు. ముందు మెత్తటిదే అరుగుతుందని మనం అనుకుంటాం. కానీ రేణువు మెత్తటి షెల్లులో సగం దిగి అక్కడే ఇరుక్కుపోతుంది. మొత్తంగా లోపలికి మునిగిపోతే బతికిపోయినట్టే, మెత్తటి లోహం వాడేది కొంతవరకు ఆ ఆశతోనే. కొస బయటికి మిగిలిందంటే మాత్రం, అది షెల్లులో పాతిన ఉలి అవుతుంది. ఎదురుగా తిరిగే గట్టి షాఫ్టుని గీతలు గీతలుగా కోస్తుంది. ఇంజను విప్పినప్పుడు షెల్లు నయంగా ఉండి షాఫ్టు మీద చుట్టూ గీతలు పడి ఉంటే, చాలాసార్లు కారణం ఇదే. షెల్లు మార్చడం చిన్న ఖర్చు. షాఫ్టు గ్రైండింగుకు పంపడం పెద్ద ఖర్చు, దానికితోడు సీజన్లో కొన్ని రోజుల పని పోతుంది.

ఇక జహీరాబాద్ మట్టి దగ్గరికి వస్తాను. ఇక్కడి ఎర్రనేలలో చాలాభాగం లాటరైటు. దక్కను పీఠభూమి నల్లరాయి లక్షల ఏళ్ళు వానకూ ఎండకూ కుళ్ళి, కరిగేవన్నీ కరిగి కొట్టుకుపోగా మిగిలిన మట్టి. అందులో మిగిలినవి ముఖ్యంగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు. ఎరుపు రంగు ఆ ఇనుముదే. అంటే ఇక్కడి నాగలి కర్రు ఇనుప మట్టిలోనే తిరుగుతోంది. లోహంగా ఉన్న ఇనుముకన్నా ఆక్సైడుగా మారిన ఇనుము చాలా గట్టిది. అద్దాలకు, బంగారానికి మెరుగుపెట్టే ఎర్రటి పొడి ఇనుప ఆక్సైడే. ఇక వాగు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఇంకా గట్టిది. మామూలు మెత్తటి ఉక్కు గట్టిదనం విక్కర్స్ కొలతలో 150కి అటూ ఇటూగా ఉంటుంది. క్వార్ట్జ్ గట్టిదనం వెయ్యి దాటుతుంది. ఎదుటి రేణువు మన లోహంకన్నా కొంచెం గట్టిదైతే చాలు, అంటే ఇరవై శాతం ఎక్కువైనా చాలు, కోత జోరందుకుంటుంది. ఇక్కడ తేడా ఆరేడు రెట్లు.

కర్రుకు గ్రీసు రాసి దున్నితే లాభముంటుందా అని ఎవరైనా అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. ప్రయోగశాలల్లో ఎమెరీ కాగితం మీద ఉక్కు ముక్కను రుద్ది తూకం వేసి చూశారు. నూనె వేసి రుద్దినప్పుడు ఘర్షణ తగ్గింది. కానీ చాలా సందర్భాల్లో ఊడిపోయిన లోహం తగ్గలేదు, సరికదా పొడిగా రుద్దినప్పటికన్నా పెరిగింది. దీనికి రెండు కారణాలున్నాయి. పొడిగా రుద్దితే ఇనుప రజను రేణువుల మధ్య ఇరుక్కుని కాగితం మూసుకుపోతుంది, కోత తగ్గిపోతుంది. నూనె ఆ రజనును కడిగేసి ప్రతి రేణువు మొననూ మళ్ళీ పదునుగా నిలబెడుతుంది. రెండోది, రేణువు లోహం మీద రెండు రకాలుగా నడవగలదు. చాలు తీసినట్టు లోహాన్ని అటూ ఇటూ నెట్టవచ్చు, అప్పుడు గీత పడుతుంది గాని లోహం పెద్దగా పోదు. లేదా పెచ్చు లేపి కోసేయవచ్చు, అప్పుడు లోహం పోతుంది. రేణువు మొన దగ్గర ఘర్షణ తగ్గితే, నెట్టవలసిన రేణువు కూడా కోయడం మొదలుపెడుతుంది. కత్తి సాన పట్టేవారు రాతి మీద నీళ్ళో నూనో చల్లేది, లేతు మీద ఉక్కు కోసేటప్పుడు కూలెంటు పోసేది కొంతవరకు ఇందుకే. కందెన మెత్తగా తిప్పడానికీ పనికొస్తుంది, చక్కగా కోయడానికీ పనికొస్తుంది. మధ్యలో గట్టి రేణువు ఉందా లేదా అన్నదే తేల్చే విషయం.

అందుచేత మట్టిని నేరుగా తాకే భాగాలకు నూనె రక్ష కాదు, గట్టిదనమే రక్ష. ఇక్కడ ఇనుములో రకాలు తెలియాలి. కార్బన్ తక్కువైన మెత్తటి ఇనుములో ఫెర్రైటు అనే దశ ఎక్కువ, అది త్వరగా కోసుకుపోతుంది. కార్బన్ పెరిగితే పెర్లైటు వస్తుంది, అందులో పొరలుపొరలుగా సిమెంటైటు అనే గట్టి కార్బైడు ఉంటుంది. ఎర్రగా కాల్చి చప్పున నీళ్ళలోనో నూనెలోనో ముంచితే మార్టెన్‌సైటు ఏర్పడుతుంది, గట్టిదనం అనేక రెట్లు పెరుగుతుంది. పూర్వం కమ్మరి కొలిమిలో కర్రును కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి, రంగు చూసి కాస్త సెగ తగిలించేవారే, ఆ పని సరిగ్గా ఇదే. ఇప్పటి రోటవేటరు బ్లేడ్లలో కొద్దిగా బోరాన్ కలిపిన ఉక్కు వాడి, అలాగే కాల్చి ముంచి గట్టిపరుస్తున్నారు. మరీ గట్టిపడితే రాయి తగిలినప్పుడు పెళుసుగా విరుగుతుంది, కాబట్టి తయారీదారులు మధ్యస్థంగా ఆపుతారు. బ్లేడు అరిగాక మామూలు వెల్డింగు రాడ్డుతో ఎంత లోహం పేర్చినా అది మెత్తటి లోహమే. హార్డ్ ఫేసింగు రాడ్డు వేరు, దాంతో వేసిన పొరలో క్రోమియం కార్బైడ్లు ఉంటాయి. చెరకు మిల్లుల్లో ఆ వెల్డింగు ఎంత అవసరమో చూసినవారికి తెలుసు. పొలం నుంచి వచ్చే చెరకుతో మట్టి కూడా వస్తుంది. గడ నరికే కత్తులు, సుత్తులు ఆ మట్టికి అరుగుతాయి. పోత ఇనుప రోలర్లు నున్నబడితే చెరకును పట్టవు, అందుకని సీజను నడుస్తుండగానే వాటి పళ్ళ మీద వెల్డింగు చుక్కలు వేసి గరుకుదనం నిలుపుతారు. అక్కడ ఘర్షణ శత్రువు కాదు, రోలరు ఒంటి మీద అది ఉండి తీరాలి, షాఫ్టు బేరింగులో మాత్రం ఉండకూడదు. రైలు కూడా అంతే. వానకు పట్టాలు జారుతుంటే లోకో ముందు చక్రాల కింద ఇసుక చల్లుతుంది. పట్టు దొరుకుతుంది, దానితోపాటు పట్టా, చక్రం కొంచెం అరుగుతాయి. మలుపుల్లో చక్రం అంచు పట్టాకు రాసుకునే చోట మాత్రం గ్రీసు పెడతారు. ఒకే పట్టా మీద నెత్తిన ఘర్షణ కావాలి, పక్కన వద్దు.

పోత ఇనుము మాట వచ్చింది కనుక ఒక్క సంగతి. ఇంజను లైనర్లకు బూడిదరంగు పోత ఇనుము వాడటం వెనక తెలివి ఉంది. అందులో గ్రాఫైటు రేకులుంటాయి. గ్రాఫైటు తానే ఒక కందెన. పైగా లైనరు లోపల హోనింగు రాళ్ళతో కావాలనే అడ్డగీతలు గీస్తారు. ఆ గీతల్లో నూనె నిలుస్తుంది. కొత్త ఇంజన్లో లైనరు అద్దంలా మెరవకూడదు, ఆ గీతలు కనబడాలి. దుమ్ము తిన్న ఇంజన్లో ముందు మాయమయ్యేవి అవే. గాలి ఫిల్టరు సందులోంచి పోయిన దుమ్ము పిస్టన్ రింగులకూ లైనరుకూ మధ్య చేరి, లైనరు పైభాగాన్ని ఎక్కువగా తింటుంది. నల్ల పొగ, నీలి పొగ, నూనె తగ్గిపోవడం తర్వాత వచ్చే సంగతులు.

నూనెల్లో కలిపే మందుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో వాటి పేరు మీదనే ఎక్కువ డబ్బు తీసుకుంటారు. ఇంజనాయిల్లో జింకు, ఫాస్ఫరసు ఉన్న ఒక పదార్థం కలుపుతారు. అది వేడికి, ఒత్తిడికి ఇనుము మీద గాజులాంటి పల్చటి పొర కడుతుంది. గేరాయిల్లో గంధకం, ఫాస్ఫరసు ఉన్నవి కలుపుతారు. గేరు పళ్ళు బలంగా ఒత్తుకున్నచోట ఇనుముతో కలిసి ఇనుప సల్ఫైడు లాంటి పొర ఏర్పడుతుంది, అది తాను తెగుతూ పన్నును కాపాడుతుంది. ఇవి ఇనుము ఇనుముకు అతుక్కునే అరుగుదలను గొప్పగా ఆపుతాయి. ఇసుక కోతను ఆపవు. ఈ తేడా తెలియక, దుమ్ము తిన్న ఇంజన్లో ఖరీదైన ఆయిలు పోసి నిశ్చింతగా ఉన్నవారిని తలుచుకుంటే బాధ కలుగుతుంది. ఆ డబ్బులో కొంత ఫిల్టరుకీ, సీలుకీ పెట్టి ఉంటే ఎంతో బాగుండేది.

1966లో పీటర్ జోస్ట్ నాయకత్వంలో బ్రిటన్‌లో ఒక నివేదిక వచ్చింది. ఘర్షణ, అరుగుదల, కందెనల సంగతి సరిగ్గా చూసుకుంటే ఆ దేశ పరిశ్రమలకు ఏటా యాభై కోట్ల పౌండ్లకు పైగా మిగులుతుందని అందులో లెక్కగట్టారు. ఈ మూడింటి శాస్త్రానికి ట్రైబాలజీ అన్న పేరు అప్పటినుంచే ప్రచారంలోకి వచ్చింది. అంత పెద్ద లెక్క మనకు వద్దు. ఒక ట్రాక్టరు చాలు.

గ్రీసు గన్ను పెట్టేముందు నిపుల్‌ను గుడ్డతో తుడవాలి. తుడవకుండా కొడితే నిపుల్ మీది మట్టి మొదటి దెబ్బతోనే లోపలికి పోతుంది. ముందు ఇరుసు పిన్నులకు, బుష్‌లకు గ్రీసు కొట్టేటప్పుడు పాత నల్ల గ్రీసు అంచుల నుంచి బయటికి వచ్చి, వెనక కొత్తది కనబడేదాకా కొట్టాలి. గ్రీసు చేసే పనుల్లో సగం ఇదే, మట్టిని బయటికి నెట్టడం. అలా వచ్చిన పాత గ్రీసును తుడిచేయాలి. సీలు ఉన్న బేరింగుల సంగతి వేరు, వాటిలో ఎక్కువ కొడితే సీలే చిట్లుతుంది, పుస్తకంలో చెప్పినంతే కొట్టాలి. గ్రీసు డబ్బాకు మూత ఉండాలి. దమ్ము చేసి వచ్చిన రోజు, హబ్బు నీళ్ళలో మునిగిన రోజు, గంటల లెక్క చూడకుండా ఆ సాయంత్రమే గ్రీసు పట్టించాలి. దుమ్ములో తిరిగే, మూత లేని చెయిన్లకు జిడ్డు నూనె పూయడం కన్నా పొడి గ్రాఫైటు మేలు, ఎందుకంటే జిడ్డు దుమ్మును పిలిచి మరీ కూర్చోబెడుతుంది. ఇంజన్లోంచి తీసిన పాత నల్ల ఆయిలు చెయిన్లకు పోసే అలవాటు చాలామందికి ఉంది. అందులో మసి, లోహపు రజను అప్పటికే ఉన్నాయి, అది వద్దు. నాగలి రెక్కకు, కర్రుకు పని అయిపోయాక, మూలకు చేర్చేముందు మాత్రం నూనె తప్పకుండా పూయండి. తుప్పు పట్టిన రెక్కకు మట్టి అతుక్కుంటుంది, లాగడానికి డీజిలు ఎక్కువ కాలుతుంది.

ఇంకొక్క మాట. గ్రీసు కొట్టే పని చాలాచోట్ల షెడ్డులో అందరికన్నా చిన్న పిల్లవాడికో, రోజుకూలీకి వచ్చిన డ్రైవరుకో అప్పగిస్తాం. ఎలా కొట్టాలో చెబుతాం, ఎందుకు తుడవాలో చెప్పం. చెప్పకపోతే ఆ తుడవడం అతనికి అనవసరమైన చాకిరీలా కనిపిస్తుంది, నాలుగో రోజుకు మానేస్తాడు. ఇక్కడికి దగ్గరలోని మాచ్‌నూరులో, 2008 నుంచి పల్లె ఆడవాళ్ళే సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనం గురించి, తిండి గురించి తమ మాటల్లో తామే చెప్పుకుంటున్నారు. యంత్రం గురించి కూడా అలా చెప్పుకోవలసిన కాలం వచ్చింది. ఇది వింటున్నవారిలో ట్రాక్టరు యజమానులుంటే, రేపు పొద్దున హబ్బు మూత విప్పినప్పుడు ఆ గ్రీసును చిటికెడు తీసి డ్రైవరన్న వేళ్ళ మధ్య పెట్టండి, నలిపి చూడమనండి. గరగరలాడితే, కొత్త గ్రీసు పైన పూసి మూసేయొద్దు. బేరింగు తీసి, డీజిలుతో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, సీలు మార్చి, అప్పుడు నింపండి.